పిట్టలను చూడడమూ విధేయతే!

యేసు ప్రభువు కొండమీద ప్రసంగంలో ఆకాశ పక్షులను చూడమన్నాడు (మత్తయి 6:26). నాట్లు వేయకుండా, కోతలు కోయకుండా, గాదెలు నింపుకోకుండా బతికే ఆ చిన్న ప్రాణులకు పరలోకపు తండ్రే తిండి పెడుతున్నాడని గుర్తు చేశాడు. ఈ మాట మీద ప్రసంగం వినని విశ్వాసి ఉండడు. రేపటిని గురించి చింత వద్దని, దేవుడే చూసుకుంటాడని అందరికీ కంఠతా వచ్చు. అయితే ఆ ప్రసంగం విని చర్చి గుమ్మం దాటాక తలెత్తి ఒక్క పిట్టనైనా చూసేవారు ఎందరు? చింతపడవద్దని ఆజ్ఞాపించిన నోటితోనే ప్రభువు పక్షులను చూడమని కూడా ఆజ్ఞాపించాడు. ఒక ఆజ్ఞను పట్టుకుని దాని పక్కనే ఉన్న ఆజ్ఞను వదిలేయడం సబబేనా?

ఇది మాటల గారడీ కాదు. మత్తయి సువార్త గ్రీకు మూలంలో పక్షుల దగ్గర వాడిన క్రియకు కన్ను నిలిపి చూడడమని అర్థం. ఆ వెంటనే అడవి పువ్వుల దగ్గర వాడిన క్రియకు క్షుణ్ణంగా నేర్చుకోవడమని అర్థం. దారిన పోతూ ఓరకంట చూసి వెళ్లిపోవడం కాదు, ఆగి చూడాలి. చూసినదాన్ని నేర్చుకోవాలి. పక్షి ప్రసంగానికి పనికొచ్చే ఉదాహరణ మాత్రమే అయితే ప్రభువు ఇంత గట్టి మాటలు వాడవలసిన పనిలేదు.

ఇలా అనగానే ఒక అభ్యంతరం వస్తుంది. మెడలో కెమెరా, చేతిలో బైనాక్యులర్, ఎక్కడానికి కారు ఉన్నవారి సరదా ఇది, కూలికి పోయేవాడికి పిట్టలెందుకని అడుగుతారు. మరి ఆనాడు కొండమీద ఎవరు కూర్చున్నారు? ఏం తినాలి, ఏం కట్టుకోవాలి అన్న దిగులున్నవారు. చేపలు పట్టేవారు, రోగులు, దినకూలీలు. కడుపు నిండినవారికి కాదు, రేపటి గింజలు ఇంట్లో లేనివారికే ప్రభువు పిట్టలను చూపించాడు. అంటే ఇది తీరికగలవారి వినోదం కాదు, దిగులుతో ఉన్నవారికి ఇచ్చిన మందు. దానికి ఖరీదు లేదు. రెండు కళ్లు, పావుగంట సమయం, కాస్త మౌనం చాలు.

ఇక మాకు చూడడానికి కొదువ లేదు. మాది మంచిర్యాల జిల్లా చెన్నూరు. తూర్పుకు సాగే గోదావరి మా ఊరి దగ్గర కొంతమేర ఉత్తరానికి తిరుగుతుంది. కోటపల్లి మీదుగా ఇంకాస్త ముందుకు వెళ్తే అర్జునగుట్ట దగ్గర ప్రాణహిత కనిపిస్తుంది. దాని అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచ, అక్కడా తెలుగు మాటే వినిపిస్తుంది. ఇటు టేకు, నల్లమద్ది అడవులు, అటు పత్తి చేలు, వరి మడులు, చెరువులు, కుంటలు. ఎండాకాలంలో నది మధ్య ఇసుక తిన్నెలు తేలితే తోక చీలిన నదిపిట్టలు గూడు కట్టకుండా ఒట్టి ఇసుకలోనే గుడ్లు పెడతాయి. చలికాలం మొదలవగానే కాటుకపిట్టలు హిమాలయాల వైపునుంచి దిగివచ్చి చెరువు గట్ల మీద తోకలాడిస్తూ నడుస్తాయి. వాటికి క్యాలెండరు ఎవరు చూపించారు? ఆకాశంలో ఎగిరే కొంగకు తన కాలాలు తెలుసు, దేవుని ప్రజలకే తెలియడం లేదని యిర్మీయా ప్రవక్త బాధపడ్డాడు (యిర్మీయా 8:7). ఆయన కూడా చూసే మాట్లాడాడు. ఆ దేశం పక్షుల రహదారి. ఐరోపా, ఆఫ్రికాల మధ్య తిరిగే దాదాపు 50 కోట్ల పక్షులు వలస కాలంలో నేటికీ ఇశ్రాయేలు మీదుగా సాగిపోతాయి.

దేవుడు జంతువులను, పక్షులను ఆదాము దగ్గరికి రప్పించి, వాటికి ఏ పేర్లు పెడతాడో చూశాడని ఆదికాండం చెబుతుంది (2:19). మనిషికి దొరికిన మొదటి పనుల్లో ఒకటి పిట్టకు పేరు పెట్టడం! పేరు పెట్టాలంటే ముందు చూడాలి కదా. మన పెద్దలు ఆ పని బాగా చేశారు. పశువుల వెంట తిరుగుతూ పురుగులు పట్టుకునే నల్లపిట్టను పసులపోలిగాడు అన్నారు. చెట్టు మొద్దును ముక్కుతో కొట్టేదాన్ని వడ్రంగిపిట్ట అన్నారు. నీటిమీద నిలిచి బాణంలా దూకేదాన్ని లకుముకిపిట్ట అన్నారు. అక్షరం రాని పశువుల కాపరులు కూడా నలభై యాభై పేర్లు చెప్పేవారు. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఆస్ట్రిచ్, పెంగ్విన్ తెలుసు, పెరట్లో దూకే పిగిలిపిట్ట తెలియదు. పేరు తెలియనిదాన్ని ఎవరూ ప్రేమించరు, పోయినా వెతకరు.

గిజిగాడిని చూడండి. వానాకాలంలో బావిమీదికి వంగిన తుమ్మకో, ఈతచెట్టుకో గూళ్లు వేలాడుతుంటాయి. గడ్డిపోచలను చీల్చి అల్లేది మగపిట్ట. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తుంది. నచ్చితే ఉంటుంది, అప్పుడే మగపిట్ట మిగతా సగం పూర్తి చేస్తుంది. నచ్చకపోతే వెళ్లిపోతుంది, ఇతడు మళ్లీ మొదలుపెడతాడు. దేవుడు పక్షులను పోషించడమంటే గూట్లో తెచ్చి పెట్టడం కాదని అర్థం కావడానికి గిజిగాడి దగ్గర అరగంట కూర్చుంటే చాలు. అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేస్తుంది. పనిచేస్తుంది గాని చింతపడదు. ప్రభువు వద్దన్నది చింతనే గాని పనిని కాదని ఇంత బాగా ఎవరు చెప్పగలరు?

సీతాకోకచిలుకల పాఠం వేరు. తడి ఇసుక ఉన్నచోట ఎండెక్కాక పదుల కొద్దీ వాలి రెక్కలు ముడుచుకుని కూర్చుంటాయి. తేనె కోసం కాదు, తడి మట్టిలోని లవణాల కోసం. వాటిలో ఎక్కువ మగవే. జిల్లేడు చెట్టు చుట్టూ తిరిగే నారింజరంగు సీతాకోకచిలుక తన గుడ్లు ఆ చెట్టు ఆకులమీదే పెడుతుంది. పిల్ల పురుగు జిల్లేడు పాల విషాన్ని తిని తన ఒంట్లోనే దాచుకుంటుంది. దాన్ని ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట మళ్లీ దాని జోలికి పోదు. పసుపు పూల గుత్తులతో ఊగే రేలచెట్టు మరో జాతికి పుట్టిల్లు. మన పెరటి కరివేపాకు ఇంకో జాతికి పుట్టిల్లు. ఆ చెట్టుమీద చిన్న పురుగును చూస్తే పిట్ట రెట్టేమో అనిపిస్తుంది, శత్రువు కంటపడకుండా అదే దాని వేషం. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తలవెనుకనుంచి రంగు కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలకు ఒకసారి చూపించండి, సెల్‌ఫోన్ పక్కన పడేస్తారు.

సీతాకోకచిలుకను పునరుత్థానానికి గుర్తుగా చెప్పడం మన ప్రసంగాల్లో మామూలే. మంచి పోలికే. కాని సమాధిమీద సీతాకోకచిలుక బొమ్మ వేయించుకునే మనమే కరివేపాకుమీద పురుగు కనబడగానే మందు కొడతాం. పురుగును చంపి సీతాకోకచిలుకను కోరుకుంటే అది ఎక్కడినుంచి వస్తుంది? నాలుగు ఆకులు తూట్లుపడితే పడనివ్వండి. మారుమనస్సు పొందిన మనిషిని చూసి సంతోషించే సంఘం మారకముందటి మనిషిని కూడా కొంతకాలం ఓర్చుకోవాలి కదా. ఆ ఓర్పు కరివేపాకు చెట్టు దగ్గర నేర్చుకోవచ్చు.

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. పిట్టలంటే అందరికీ ముద్దు కాదు. చెన్నూరు, కోటపల్లి అడవుల్లో దసలి పట్టు పండించే కుటుంబాలున్నాయి. దసలి పురుగును ఇంట్లో పెంచరు, అడవిలో నల్లమద్ది చెట్లమీదికే ఎక్కిస్తారు. అది గట్టి పట్టుకాయ కట్టుకునే దాకా నెలకు పైగా ఆ కుటుంబాలకు అడవే కాపురం. పొద్దున్నే పిట్టలు వాలతాయి, పచ్చని లావుపాటి పురుగు వాటికి పంచభక్ష్య పరమాన్నం. అరుస్తూ, వడిసెల తిప్పుతూ, చెట్టునుంచి చెట్టుకు పరుగెత్తుతూ కాపలా కాయాలి. ఆ మనిషి దగ్గరికి వెళ్లి ఆకాశ పక్షులను దేవుడు పోషిస్తున్నాడు చూశావా అంటే, అవునండీ, నా పురుగులతోనే పోషిస్తున్నాడు అంటాడు. ఆయన మాటలో తప్పేముంది?

ప్రభువుకు ఈ సంగతి తెలియదా? తెలుసు. విత్తువాని ఉపమానంలో దారిపక్కన పడిన గింజలను పక్షులు వచ్చి తినేశాయని చెప్పింది ఆయనే (మత్తయి 13:4). రైతు నష్టం తెలిసిన నోరే పక్షులను చూడమంది. కాబట్టి పిట్టల ప్రేమంటే రైతును తప్పుపట్టడం కాదు. దసలి రైతు పిట్టను అదిలిస్తాడు, చెట్టును మాత్రం నరకడు. నల్లమద్ది నిలబడితేనే ఆయనకు బతుకు. నిజానికి ఆ అడవి నిలిచి ఉండడానికి ఆయనా ఒక కారణం. అదిలించడం వేరు, విషం పెట్టడం వేరు. ఆ గీత ఎక్కడుందో బాగా తెలిసినవాడు నగరంనుంచి వచ్చే సందర్శకుడు కాదు, ఆ రైతే. ఆయన్ను అడిగి నేర్చుకోవలసింది మనమే. ఆ పట్టుకాయలోనుంచి బయటికొచ్చే చిలుక సంగతి తెలుసా? నాలుగు రెక్కలమీద అద్దంలాంటి నాలుగు కళ్లుంటాయి. దానికి తినే నోరు ఉండదు. కొద్ది రోజులే బతికి, గుడ్లు పెట్టి రాలిపోతుంది. అంత అందం ఎవరు చూడాలని దేవుడు చేశాడు? అడవిలో చాలావరకు ఆయనొక్కడే చూస్తాడు. మనం చూసిన కొద్దిసేపు ఆయన సంతోషంలో పాలుపంచుకున్నట్టే.

చూడడంవల్ల ఇంకో మేలుంది. భయం పోతుంది. రాత్రిపూట తీతువు కూస్తే చావు కబురు వస్తుందని, గుడ్లగూబ ఇంటిమీద వాలితే కీడని మన పల్లెల్లో నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. విశ్వాసుల్లోనూ లేకపోలేదు. తీతువు నేలమీదే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. కుక్కో, పామో, మనిషో అటువైపు వస్తే తల్లి గోలగోలగా అరుస్తూ తలపైన తిరుగుతుంది, వచ్చినవారిని పక్కకు మళ్లించాలని దాని ఆరాటం. అది చావు కేక కాదు, తల్లి కేక. ఒకసారి కళ్లారా చూసినవారు మళ్లీ ఆ కూతకు భయపడరు. గుడ్లగూబ ఇంటి చుట్టూ తిరిగేది మన గాదె దగ్గరి ఎలుకల కోసం. దాన్ని రాళ్లతో కొట్టి చంపితే లాభం ఎలుకకే. దెయ్యాలను వెళ్లగొట్టామని చెప్పుకునే ఇంట్లో పిట్టంటే భయం ఉండడం వింత కాదా?

అయితే చూడడం మొదలుపెట్టినవారికి సంతోషం ఒక్కటే మిగలదు, లేనివి కూడా కనబడతాయి. రాబందులు ఏవి? మన చిన్ననాడు గొడ్డు చస్తే ఊరి బయట గుంపులుగా వాలేవి. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు ఎంతగా తగ్గాయంటే, వెయ్యికి ఒకటి మిగిలింది. కారణం పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందని 2004లో తేలింది. ఆ మందు ఒంట్లో ఉన్న గొడ్డు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోయి కొద్ది రోజుల్లోనే చస్తుంది. 2006లో పశువులకు ఆ మందును ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో వాటినీ ఆపింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను కూడా పశువులకు నిషేధించింది. మెలాక్సికామ్ అనే మందు రాబందుకు హాని చేయదు. ఇందులో రైతు పాపం లేదు, తన ఎద్దు బాధ చూడలేకే మందు వేయించాడు. కాని ఒక ప్రాణి బాధ తీర్చబోయి ఇంకో జాతినే పోగొట్టుకోవలసి వచ్చింది.

మన ఉత్తర తెలంగాణలో ఆశ కూడా మిగిలింది. 2013లో బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు పక్కనున్న పాలరాపు గుట్ట రాతి అరల్లో పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నట్టు బయటపడింది. అటవీ శాఖ వాటి రక్షణకు పూనుకుంది. ఒక మురికి పక్షి కోసం ఇంత అవసరమా అనేవారికి యోబు గ్రంథం జవాబు చెబుతుంది. దేవుడు తుఫానులోనుంచి యోబుతో మాట్లాడుతూ, ఎత్తయిన బండమీద గూడు పెట్టి, పీనుగులున్నచోటికి దిగివచ్చే పక్షిని గురించి ఎంతో అభిమానంగా వర్ణిస్తాడు (39:27-30). మనకు అసహ్యమైనది ఆయనకు అసహ్యం కాదు. పైగా ఆ పక్షి మనకు చేసే ఊడిగం దాన్ని పోగొట్టుకున్నాకే తెలిసింది. రాబందులు పోవడంవల్ల కుళ్లిన కళేబరాలు, నీటి కాలుష్యం, వీధికుక్కలు పెరిగి 2000 నుంచి 2005 మధ్య మన దేశంలో దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని 2024లో ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. సింగరేణి ప్రాంతంవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువును పసిగట్టడానికి పంజరంలో చిన్న కెనరీ పిట్టను పట్టుకుని దిగేవారు. ఆ అలవాటు 1986 దాకా సాగింది. పిట్ట ముందు తూలిపోతుంది, అది చూసిన కార్మికుడు పైకి పరుగెత్తుతాడు. పిట్టను చూడనివాడు గనిలోనే మిగిలిపోతాడు.

పాలపిట్ట సంగతీ ఇంతే. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక ఆ పక్షి 30 శాతానికి పైగా తగ్గిందని చెప్పింది. అది గూడు పెట్టేది పాత చెట్ల తొర్రల్లో. ఎండిన తాటిమాను ఎందుకులే అని కొట్టేస్తే దాని ఇల్లు కూల్చినట్టే. దసరానాడు దాన్ని చూస్తే మంచిదన్న మన పల్లెల ఆచారంలో అందముంది, దానికోసం ఊరి బయటికి నడిచి ఆకాశంవైపు చూస్తారు. దాన్ని వలవేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, పది రూపాయలకు చూపించడంలో మాత్రం అందం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చిలుకను పంజరంలో పెట్టడం, కౌజులను ఉచ్చులు వేసి పట్టి అమ్మడం కూడా నేరమే. కాళ్లు కట్టి గుత్తిగా వేలాడదీసిన కౌజులను బేరమాడేవారిలో బైబిలు చేతపట్టుకుని నడిచేవారూ ఉంటారు. వారికి ఒక లెక్క గుర్తు చేయాలి. మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు (10:29). లూకా సువార్తలో రెండు కాసులకు ఐదు (12:6). అంటే నాలుగు కొంటే ఐదోది కొసరు, దానికి ధర లేదు. ఆ కొసరు పిట్టను కూడా దేవుడు మరచిపోడని ప్రభువు చెప్పాడు. మన బేరంలో కొసరుగా వచ్చిన ప్రాణికి ఆయన లెక్కలో పద్దు ఉంది.

ధర్మశాస్త్రంలో ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి ఉంది. గూడు కనబడితే గుడ్లమీదున్న తల్లిని పట్టుకోవద్దని, దాన్ని తప్పక విడిచిపెట్టాలని మోషే ఆజ్ఞాపించాడు (ద్వితీయోపదేశకాండం 22:6-7). దానికి జతచేసిన దీవెన మేలు, దీర్ఘాయువు. తల్లిదండ్రులను సన్మానించే ఆజ్ఞకు జతచేసిన దీవెన కూడా అదే (5:16). కన్నతల్లి పట్ల, గూట్లో ఉన్న తల్లిపిట్ట పట్ల చూపే గౌరవానికి ఒకే ప్రతిఫలం! పిల్లల చేతికి గులేరు ఇచ్చే ముందు ఈ రెండు వచనాలు కలిపి చదివించాలి.

ఆత్మలు నశించిపోతుంటే పిట్టల వెంట తిరగడమా అని గంభీరంగా అడిగేవారున్నారు. వారికి ఇద్దరు దైవసేవకులను చూపిస్తాం. లండన్ మిషనరీ సొసైటీ తరఫున కడప ప్రాంతంలో సేవచేసిన విలియం హోవార్డ్ క్యాంప్‌బెల్ తెలుగు బాగా నేర్చినవాడు. సువార్త పనిలో ఊళ్లు తిరుగుతూనే పక్షులను, చిమ్మటలను పరిశీలించాడు. రాత్రిపూట తిరిగే కలివికోడి అనే అరుదైన పక్షిని 1900లో అనంతపురం దగ్గర ఆయన చూశాడు. అంతకు మూడు దశాబ్దాల ముందు అదే పక్షిని మా ఎదుటి ఒడ్డు సిరొంచ దగ్గర, భద్రాచలం దగ్గర చూసినట్టు కూడా దాఖలాలున్నాయి. క్యాంప్‌బెల్ తర్వాత అది ఎవరి కంటా పడలేదు. ఆ జాతి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో ఒక గ్రామస్థుడికి దొరికి మళ్లీ లోకానికి తెలిసింది. 2025 ఆగస్టులో కొందరు పక్షిప్రేమికులు దాని కూతను మళ్లీ రికార్డు చేశారు. ఒక మిషనరీ ఆగి చూసి రాసిపెట్టకపోతే ఆ 86 ఏళ్ల వెతుకులాటకు ఆనవాలు కూడా ఉండేది కాదు. రెండో సేవకుడు జాన్ స్టాట్. 2011లో ప్రభువు పిలుపు అందుకున్న ఈ బైబిలు పండితుడి పుస్తకాలు లేని పాస్టరుగారి అల్మారా అరుదు. ప్రపంచమంతా తిరిగి ప్రసంగించిన ఆయన ఎక్కడికెళ్లినా బైనాక్యులర్ వెంట తీసుకెళ్లేవాడు. పక్షులే మనకు గురువులంటూ 1999లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన సువార్త పనికి పిట్టలు అడ్డురాలేదు.

మన దేశ పక్షుల పరిశీలనకు పెద్దదిక్కయిన సలీం అలీ కథ అందరూ తెలుసుకోదగ్గది. చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతుమీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిచ్చుక అన్న ప్రశ్న ఆ పిల్లవాణ్ణి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గుమ్మం ఎక్కించింది. పెద్దయ్యాక 1931-32లో నిజాం రాజ్యమంతటా పక్షుల సర్వే చేశాడు. 1985లో రాసుకున్న ఆత్మకథకు ఒక పిచ్చుక నేలరాలడమనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు వెనుక ప్రభువు చెప్పిన పిచ్చుక మాట ఉందని సువార్త చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఒక పిట్ట రాలితే ఒక జీవితమే మారింది.

మాకు డిగ్రీల్లేవు, మేం శాస్త్రవేత్తలం కాదు అని వెనుకాడవలసిన పనిలేదు. పైన చెప్పిన 2023 నివేదికకు ఆధారం 30 వేలమందికి పైగా మామూలు పక్షిప్రేమికులు రాసిపెట్టిన 3 కోట్ల పరిశీలనలు. టీచర్లు, గుమాస్తాలు, విద్యార్థులు, గృహిణులు చూసి రాసినవే దేశానికి లెక్క అయ్యాయి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది, 2013 నుంచి మన దేశమూ పాల్గొంటోంది. పావుగంట ఒకచోట కూర్చుని కనబడినవి రాస్తే చాలు. సండే స్కూలు పిల్లలకు దీనికంటే మంచి పని ఏముంటుంది? ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో ఎన్ని రకాల పిట్టలు, ఎన్ని రంగుల సీతాకోకచిలుకలు వచ్చాయో రాయించండి. వాటి పేర్లు తెలియకపోతే ఇంట్లో అవ్వనో తాతనో అడిగి రమ్మనండి. అవ్వకు చెప్పడానికి ఒక మాట, పిల్లలకు వినడానికి ఒక మాట దొరుకుతాయి.

సంఘ పెద్దలకూ ఒక మనవి. ఆవరణ అంతా సిమెంటు చేయించడం అభివృద్ధి కాదు. ఒక మూల మట్టి మిగల్చండి. ఒక రేలచెట్టు, ఒక కరివేపాకు, ఒక నిమ్మ నాటండి, పక్కన జిల్లేడు మొలిస్తే పీకవద్దు. ఎండాకాలం మట్టిచిప్పలో నీళ్లు పెట్టండి, రోజూ మార్చండి. గోడలో పిచ్చుక గూడు పెడితే పిల్లలు ఎగిరిపోయేదాకా సున్నం వేయడం ఆపండి. దేవుని బలిపీఠం దగ్గరే పిచ్చుకకు నివాసం దొరికిందని కీర్తనకారుడు ఆనందంగా పాడాడు (కీర్తనలు 84:3). ఆనాటి మందిరంలో పిచ్చుకకు చోటు దొరికింది, మన మందిరంలో దొరకదా?

నేటి మనిషికి చూసే శక్తి తగ్గలేదు, ఆగే ఓపిక తగ్గింది. ఆగనివాడికి పిట్ట కనబడదు, పక్కింటివాడి కన్నీరూ కనబడదు. వడ్డీ లెక్కలు, పత్తి ధర, పిల్లల ఫీజులు, షిఫ్టు బస్సు, వీటి మధ్య నలిగే మనుషులకే ప్రభువు ఆ మాట చెప్పాడు. కాబట్టి రేపు పొద్దున దిగులు మొదలవకముందే ఒకసారి బయటికి రండి. కొమ్మమీద ఏదో ఒకటి కూస్తూనే ఉంటుంది. దాని ముందు పావుగంట నిలబడండి. దానికి తిండి పెడుతున్న చేయి ఎవరిదో తెలుసు కదా. ఆ చేతికి మీ పేరు కూడా తెలుసు.